క్రిస్టల్ పార్కుకు వెళ్లే ముందు

చిరంజీవి కావ్యకు ఆశీస్సులు.

పిల్లలతో మోంటానాలోని క్రిస్టల్ పార్కుకు వెళ్తున్నావని విని ఎంతో సంతోషించానమ్మా. పయనీర్ పర్వతాల్లో ఆ స్థలాన్ని అమెరికా అటవీ శాఖ పలుగురాతి (క్వార్ట్జ్) స్ఫటికాలు తవ్వుకునే సామాన్యుల కోసమే విడిచిపెట్టింది. దాని నిర్వహణలో బ్యూట్ పట్టణపు ఖనిజ ప్రియుల క్లబ్బు కూడా పాలుపంచుకుంటుంది.

ముందు అక్కడి నేల సంగతి తెలుసుకో. ఒకప్పుడు గ్రానైటు బండల సందుల్లో వేడి నీటి నుంచి ఈ స్ఫటికాలు పెరిగాయి. తర్వాత ఆ గ్రానైటే శిథిలమై గరుకు ఇసుకగా మారింది. అందుకే అవి మట్టిలో విడివిడిగా దొరుకుతాయి. బండలు పగలగొట్టే పని లేదు. గునపాన్ని విసురుగా దించితే దెబ్బ తినేది స్ఫటికం మొనే, అది విరిగితే మళ్లీ అతకదు. పైమట్టిని పారతో తీసెయ్యి. పలుగురాతి ముక్కలు, తుప్పు రంగు మట్టి కనిపించగానే పార పక్కన పెట్టి, చిన్న తాపీతో గీకుతూ వెళ్లు. ఆ మట్టిని పావు అంగుళం కన్నుల జల్లెడలో పట్టు.

మట్టి పట్టిన స్ఫటికం మామూలు గడ్డలాగే ఉంటుంది. ప్రతి గడ్డనూ తడి చేసి బొటనవేలితో రుద్ది చూడు. నున్నని చదును ముఖాలు, వాటి మీద అడ్డంగా సన్నని గీతలు ఉంటే అదే. విరిగిన ముక్కకైతే చదును ఉండదు, గాజు పెంకులా ఒంపు తిరిగి ఉంటుంది. అంత పదునుగానూ ఉంటుంది కనుక పిల్లలకు చేతి తొడుగులు, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. వాళ్లను పాత మట్టి కుప్పల దగ్గర కూర్చోబెట్టు. వాన కడిగిన కుప్పల్లో ఇతరులు చూడక వదిలేసినవి మెరుస్తుంటాయి.

ఒక్క విషయంలో మాత్రం నా మాట కాదనకు. గుంత గోడ అడుగున సొరంగంలా తొలుచుకుంటూ పోవద్దు. అక్కడి నియమం కూడా అదే. వదులు మట్టి హెచ్చరిక లేకుండా కూలుతుంది. చెట్ల వేళ్ల కింద తవ్వొద్దు. వచ్చేముందు గుంత పూడ్చు. చేతి పనిముట్లే వాడాలి, రాత్రి బస ఉండదు.

ఆ చోటు దాదాపు 7,800 అడుగుల ఎత్తు. నీళ్లు ఎక్కువగా, ఉన్ని బట్టలు కొన్ని తీసుకెళ్లు. మధ్యాహ్నం ఉరుములు వినబడితే తవ్వకం ఆపి కారెక్కండి.

ఇంటికొచ్చాక పాత పళ్ల బ్రష్షుతో, గోరువెచ్చని నీటితో కడిగితే చాలావరకు శుభ్రమవుతాయి. మరిగే నీళ్లు పోస్తే పగుళ్లిస్తాయి. తుప్పు మరక వదలకపోతే ఆక్సాలిక్ ఆమ్లం పనిచేస్తుంది, కానీ అది విషం. ఆరుబయట, తొడుగులు వేసుకుని, ప్లాస్టిక్ గిన్నెలో వాడాలి. వేడి చెయ్యకూడదు, పిల్లలకు అందనివ్వకూడదు. ఊదారంగు స్ఫటికం, అంటే అమెథిస్టు, దొరికితే కిటికీలో పెట్టకు, ఎండకు రంగు వెలిసిపోతుంది.

దొరికినవాటి ఫోటోలు పంపించు.

మీ పెదనాన్న