ఏ ప్రతిని ముందు చూడాలి

కావలి

చిరంజీవి మనవడికి తాతయ్య ఆశీస్సులు.

బ్లేడ్ రన్నర్ అనే హాలీవుడ్ సినిమా చూద్దామని కూర్చుంటే అదే పేరుతో మూడు నాలుగు ప్రతులు కనిపించాయనీ, ఏది ముందు చూడాలో తేలక మానుకున్నాననీ మొన్న ఫోనులో చెప్పావు. రెండు మాటల్లో తేలే సంగతి కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను. 2007లో వచ్చిన ఫైనల్ కట్‌తో, అంటే దర్శకుడి తుది కూర్పుతో, మొదలుపెట్టు నాయనా.

నేను ఇక్కడి సినిమా హాల్లో ఆపరేటరుగా ఉన్న రోజుల్లో, ఫస్ట్ షో జనానికి పల్లెలకు పోయే ఆఖరి బస్సు అందాలని యజమాని ఒక్కోసారి పాట తీసేయమనేవారు. రీలు బల్లమీద పరిచి, కొసను బ్లేడుతో సన్నగా గీకి, ఫిల్ము అతికించే సిమెంటు రాసి, ఊపిరి బిగబట్టి అతికించేవాణ్ణి. ఒకసారి అలా తీసేసిన పాటలోనే కథానాయికకు తల్లి పోయిన కబురు అందుతుంది. ఆ తర్వాతి సన్నివేశంలో ఆమె ఎందుకు ఏడుస్తున్నదో హాల్లో ఒక్కరికీ అర్థం కాలేదు. నా చేత్తో చేసిన ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అందుకే ఏ ప్రతి అన్న నీ ప్రశ్నను నేను తేలికగా తీసుకోలేను.

రిడ్లీ స్కాట్ తీసిన ఈ చిత్రాన్ని 1982లో విడుదలకు ముందు డెన్వర్, డల్లాస్ నగరాల్లో ప్రేక్షకులకు చూపించినప్పుడు కథ అర్థం కాలేదన్న మాట రావడంతో, నిర్మాణ పక్షం వారు కథానాయకుడు హారిసన్ ఫోర్డ్ గొంతుతో వ్యాఖ్యానం చేర్పించి, చివర ఒక సుఖాంతాన్ని అతికించారు. అందులోని కొండదారుల విహంగ దృశ్యాలు ఈ చిత్రం కోసం తీసినవి కూడా కావు. స్టాన్లీ కూబ్రిక్ అనే మరో దర్శకుడు తన ది షైనింగ్ సినిమా కోసం తీయించగా మిగిలిపోయిన ముక్కలు. ఆ అతుకు నాకు ఈనాటికీ కంట్లో నలుసే. వ్యాఖ్యానం అంతకంటే పెద్ద నష్టం చేస్తుంది: వానలో తడిసిన ఆ వీధులనూ, వాంజెలిస్ సంగీతాన్నీ నీ అంతట నువ్వు అందుకునేలోపే, ఏమనుకోవాలో ఆ గొంతు చెప్పేస్తుంది.

1992 నాటి డైరెక్టర్స్ కట్‌లో, అంటే దర్శకుడి కూర్పు పేరుతో వచ్చిన ప్రతిలో, ఆ వ్యాఖ్యానమూ ఆ సుఖాంతమూ రెండూ లేవు, ఒక ఒంటికొమ్ము గుర్రపు కల కొత్తగా చేరింది. అయితే అది హడావుడిలో తయారైనది. దర్శకుడికి పూర్తి తృప్తి కలగలేదు. ఆయనకు సంపూర్ణ స్వేచ్ఛ దొరికింది 2007లోనే. అద్దాలు పగిలే సన్నివేశంలో పాత ప్రతుల్లో డూపు ముఖం స్పష్టంగా తెలిసిపోయేది. ఇందులో నటి జొయానా కాసిడీ ముఖాన్నే కుదిర్చారు. ఎగిరే కారును పైకి లేపిన తీగలనూ చెరిపేశారు. ఫైనల్ కట్ దొరకకపోతే 1992 ప్రతి చూడు, 1982 ప్రతితో మాత్రం మొదలుపెట్టవద్దు.

ఒక జాగ్రత్త చెబుతాను. ఇందులో హింస కొంచెం ఎక్కువ కనుక చిన్నపిల్లలు నిద్రపోయాక, దీపాలార్పి చూడు. దాదాపు 2 గంటల సినిమా. కథ నెమ్మదిగా నడుస్తుంది, మొదటి అరగంట ఓపిక పట్టు. ఒంటికొమ్ము గుర్రం కనిపించినప్పుడు దాన్ని గుర్తుంచుకో. ఎందుకో ఇప్పుడు చెప్పను.

సంక్రాంతికి వస్తావు కదా, అప్పుడు 1982 ప్రతిని ఇద్దరం కలిసి చూద్దాం. అతుకు ఎక్కడుందో నువ్వే నాకు చూపించాలి.

ఆశీస్సులతో,
తాతయ్య