క్యాష్ అనే ఆంగ్ల పదం మన కాసు నుంచే వచ్చిందా?

నేడు నగదు అనే అర్థంలో వాడే క్యాష్ మన కాసు నుంచి రాలేదు. పెట్టె అని అర్థమిచ్చే లాటిన్ పదం కాప్సా, ఇటాలియన్‌లో కాస్సాగా, ఫ్రెంచిలో కేస్‌గా మారి, 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి చేరింది. మొదట డబ్బు దాచే పెట్టెను సూచించిన ఆ మాట, క్రమంగా పెట్టెలోని డబ్బుకే పేరయింది.

అయితే ఈ ప్రశ్న అర్థరహితమైనది కాదు, ఎందుకంటే ఇంగ్లీషులో అదే రూపంలో ఇంకో క్యాష్ ఉంది. తమిళ కాసు పోర్చుగీసు వర్తకుల నోట కైషా అయి, ఆంగ్లేయులకు క్యాష్‌గా అందింది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ లెక్క ప్రకారం 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక పగోడా అనే బంగారు నాణెం. 1808లో కంపెనీ ముద్రించిన రాగి నాణేల మీద ఈ క్యాష్ అనే పేరే కనిపిస్తుంది. నడుమ చదరపు రంధ్రం ఉండే చైనా నాణేలనూ ఆంగ్లేయులు ఇదే పేరుతో పిలిచారు. మన కాసులపేరులో నిలిచి ఉన్న కాసు ఈ రెండో పదానికే బంధువు.

వాడుకలో క్యాష్ అంటే చెక్కు, కార్డు కాకుండా చేతికిచ్చే నోట్లు, నాణేలు. క్రియగా వాడితే చెక్కును నగదుగా మార్చుకోవడం అని అర్థం. అమ్మకం కోసమే పండించే పత్తి, మిరప వంటివి క్యాష్ క్రాప్స్. కంప్యూటర్లలో వినిపించే క్యాష్ మెమరీ మాత్రం ఉచ్చారణలోనే దీనిని పోలి ఉంటుంది. అది దాచడం అనే అర్థంగల ఫ్రెంచి క్రియ నుంచి పుట్టిన వేరే పదం.