పాత ఇల్లు కొంటున్నారా? ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్షన్ల సంగతి

ప్రశ్న: ఫ్లోరిడాలో టాంపా దగ్గర 1972లో కట్టిన ఇల్లు కొంటున్నాం. హోమ్ ఇన్‌స్పెక్షన్ చేయించాం. ఎలక్ట్రికల్ ప్యానెల్ పాతది కానీ పనిచేస్తోందని ఒక మాట రాశారు, పెద్ద సమస్యలేం లేవన్నారు. ఇప్పుడు ఇన్సూరెన్స్ ఏజెంట్ ‘ఫోర్ పాయింట్’ అని ఒకటి, ‘విండ్ మిటిగేషన్’ అని ఇంకొకటి కావాలంటున్నాడు. ఒకే ఇంటికి మూడు ఇన్‌స్పెక్షన్లేంటండీ, డబ్బులు గుంజడానికేనా? సెప్టెంబర్ మొదటి వారంలో క్లోజింగ్ (ఇల్లు మా పేరు మీదకి మారేది), చాలా టెన్షన్‌గా ఉంది.
(ఒక పాఠకురాలు, టాంపా)

జవాబు: గుంజడానికి కాదండీ, ఏజెంట్ అడిగింది మామూలుగా అక్కడ పాత ఇల్లు కొనే అందరినీ అడిగేదే. మీరు చేయించిన హోమ్ ఇన్‌స్పెక్షన్ మీ కోసం, కొనాలా వద్దా తేల్చుకోవడానికి. ఫోర్ పాయింట్ ఇన్సూరెన్స్ కంపెనీ కోసం. కిచెన్ ఎంత బాగుందో, తలుపులు సరిగా పడుతున్నాయో లేదో వాళ్లకి అక్కర్లేదు, పైకప్పు, కరెంటు, నీళ్ల పైపులు, ఏసీ ఈ నాలుగే చూస్తారు, ఎందుకంటే పాత ఇంట్లో నిప్పు పుట్టేదీ నీళ్లు కారేదీ ఎక్కువగా వీటి దగ్గరే. కంపెనీని బట్టి ఇరవయ్యో ముప్పయ్యో ఏళ్లు దాటిన ఇంటికి ఇది తప్పదు. బయట కంపెనీలు కాదంటే చివరికి దిక్కయ్యే రాష్ట్ర సంస్థ సిటిజన్స్ కూడా పాత ఇళ్లకి ఈ రిపోర్ట్ అడుగుతుంది.

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ ప్యానెల్ మాట. ‘పనిచేస్తోంది’ అంటే లైట్లు వెలుగుతున్నాయనే అర్థం, ఇన్సూరెన్స్ కంపెనీకి అది చాలదు. ఈరోజే వెళ్లి ప్యానెల్ తలుపు తెరిచి లోపలి లేబుల్ చదవండి, ఫోటో తీయండి (తలుపు వరకే, స్క్రూలు విప్పే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి). ఫెడరల్ పసిఫిక్ అనో, స్టాబ్-లాక్ అనో, జిన్స్‌కో అనో ఉంటే చాలా కంపెనీలు పాలసీ ఇవ్వవు. లోడ్ ఎక్కువైనప్పుడు ట్రిప్ అవ్వాల్సిన బ్రేకర్ ట్రిప్ అవ్వకపోతే వైరు వేడెక్కి గోడలోనే అంటుకుంటుంది, ఈ ప్యానెళ్లకి ఉన్న చెడ్డపేరు అదే. ఇంకోటి, మీ ఇల్లు 1972ది అన్నారు కదా, సుమారు 1965 నుంచి 1973 దాకా కట్టిన చాలా ఇళ్లలో రాగి బదులు అల్యూమినియం వైరు వేశారు. అలాంటి వైరు ఉందని తేలితే ఇల్లంతా వైరింగ్ మార్చాలని బెదిరిపోకండి. స్విచ్చులు, ప్లగ్గుల దగ్గర జాయింట్లకి కోపాలమ్ లేదా అల్యుమికాన్ కనెక్టర్లు వేయించి, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేత రాయించి ఇస్తే ఒప్పుకునే కంపెనీలున్నాయి.

పైపుల విషయంలో సింక్ కింద వంగి చూడండి, బూడిద రంగు ప్లాస్టిక్ పైపు కనిపిస్తే అది పాలీబ్యూటిలీన్ కావచ్చు, పగిలి కారుతుందని చాలా కంపెనీలు ఒప్పుకోని రకం. 1978 నుంచి 1995 మధ్య విపరీతంగా వాడారు, అంటే మీ ఇంట్లో అసలు పైపులు తీసేసి మధ్యలో ఎవరైనా వేయించి ఉంటేనే ఉంటుంది. వాటర్ హీటర్ కింద తుప్పు, తడి మరకలు కూడా రిపోర్ట్ ఫోటోల్లో పడతాయి. ఏసీ బాగా చల్లబరుస్తూ, నీళ్లు కారకుండా ఉంటే దాని గురించి ఆలోచించక్కర్లేదు.

ఇక విండ్ మిటిగేషన్ మీకు లాభం చేసేది. 1992లో ఆండ్రూ తుఫాను దక్షిణ ఫ్లోరిడాని తుడిచిపెట్టాక అక్కడ ఇళ్లు కట్టే నిబంధనలే మారిపోయాయి, గాలికి తట్టుకునే ఏర్పాట్లున్న ఇంటికి ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలని చట్టమే ఉంది. ఇన్‌స్పెక్టర్ అటక ఎక్కి, కప్పు దూలాలు గోడకి ఎలా బిగించారో చూస్తాడు: ఉత్తి మేకులా, ఇనుప క్లిప్పులా, దూలం మీదుగా చుట్టి అవతలి వైపు కూడా మేకు కొట్టిన పట్టీలా. పట్టీ ఉంటే తగ్గింపు ఎక్కువ. నాలుగు వైపులా వాలు ఉన్న కప్పుకీ, కిటికీలకి తుఫాను షట్టర్లు ఉన్నా కూడా తగ్గుతుంది. ఆ రిపోర్ట్ ఐదేళ్ల దాకా చెల్లుతుంది. రెండూ ఒకే మనిషి చేత ఒకే రోజు చేయిస్తే ఖర్చు కూడా కలిసొస్తుంది, మీ హోమ్ ఇన్‌స్పెక్టర్‌నే ముందు అడగండి.

అన్నిటికంటే ముందు కాంట్రాక్ట్‌లో ఇన్‌స్పెక్షన్ గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. గడువు ఉంటే ప్యానెల్ మార్చి ఇమ్మని అమ్మేవాళ్లని అడగొచ్చు, కుదరదంటే డిపాజిట్ వెనక్కి తీసుకుని వచ్చేయొచ్చు. గడువు దాటాక ఇన్సూరెన్స్ రాలేదంటే మీ చేతిలో అంత బలం ఉండదు, పైగా ఇన్సూరెన్స్ లేకుండా బ్యాంకు లోన్ డబ్బు విడుదల చేయదు. పాలసీని క్లోజింగ్ ముందు రోజు దాకా నానబెట్టకండి. సెప్టెంబర్ అంటే తుఫాన్లు బాగా ముదిరే నెల, పేరు పెట్టిన తుఫాను ఫ్లోరిడా వైపు తిరిగితే కంపెనీలు కొత్త పాలసీలు రాయడం ఆపేస్తాయి, అది దాటిపోయేదాకా మీ క్లోజింగ్ కూడా ఆగిపోతుంది.

ప్రశ్న: జాక్సన్‌విల్‌లో మా ఇంటి రూఫ్‌కి 17 ఏళ్లు. ఎక్కడా కారడం లేదు. అయినా కొత్త రూఫ్ వేయించకపోతే పాలసీ రెన్యూ చేయబోమని కంపెనీ ఉత్తరం పంపింది. ఏం చేయాలి?
(ఒక పాఠకుడు, జాక్సన్‌విల్)

జవాబు: వెంటనే రూఫర్‌కి అడ్వాన్స్ ఇచ్చేయకండి. 2022లో వచ్చిన ఫ్లోరిడా చట్టం ప్రకారం, రూఫ్‌కి 15 ఏళ్లు దాటినా, మార్చమనే ముందు మీ ఖర్చుతో ఇన్‌స్పెక్షన్ చేయించుకునే అవకాశం కంపెనీ మీకివ్వాలి. అర్హత ఉన్న ఇన్‌స్పెక్టర్ ఇంకో ఐదేళ్లో అంతకంటే ఎక్కువో ఆగుతుందని రాసిస్తే, కేవలం వయసు చూపించి కాదనడానికి వీల్లేదు. షింగిల్స్ (కప్పు పైన పరిచే పలకలు) లేచిపోయి ఉన్నా, లోపల తడి మరకలున్నా మాత్రం ఈ చట్టం మిమ్మల్ని కాపాడదు. మధ్యలో ఎప్పుడైనా రూఫ్ మొత్తం మార్చి ఉంటే కౌంటీ రికార్డుల్లో ఆ పర్మిట్ వెతికించండి, వయసు లెక్క అక్కణ్నుంచి మొదలవుతుంది. ఒక పక్క మాత్రమే వేయించి ఉంటే అది లెక్కలోకి రాదు. రిపోర్ట్‌ని ఏజెంట్‌కి ఈమెయిల్‌లోనే పంపండి, ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు.