రిమోట్ స్టార్టర్ బిగించబోతున్న మేనల్లుడికి

చి॥ కిరణ్‌కి,

మావయ్య ఆశీస్సులు. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నువ్వు పనులకి తిరగడానికి 2014 ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్ కొన్నావని, దానికి దూరం నుంచే బటన్ నొక్కి ఇంజన్ స్టార్ట్ చేసే రిమోట్ స్టార్టరూ అలారమూ నీ చేత్తో నువ్వే బిగించుకుంటానంటున్నావని. కిట్ కూడా తెప్పించేశావట. అక్క మురిసిపోతుంటే నాకూ గర్వంగానే ఉంది. మన ఇంట్లో మీ తాతయ్య తరవాత బండి వైరు ముట్టుకున్నది నేను, నా తరవాత నువ్వే. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదురా. ఇక్కడ కెనడా వినిపెగ్‌లో ఇన్నేళ్లూ నేను చేసిన ఉద్యోగం అదే. అందులో ఏ తప్పు ఎక్కడికి దారితీస్తుందో చూసినవాణ్ణి. అందుకే పొద్దున్నే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ముందు చిన్న విషయాలు చెప్పేస్తాను. వైర్లు కలిపేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ ఊడదీసి కాసేపు ఆగు. స్టీరింగ్ కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తాయి, అవి ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి పోకు. టెస్టర్ లైటు వద్దు, మల్టీమీటరే వాడు. చార్టులో వైరు రంగు చూసి నమ్మేయకు, ప్రతి వైరూ మీటరు పెట్టి చూసుకున్నాకే కోయి. కిట్‌తో పాటు నొక్కితే బిగుసుకునే క్లిప్పులు వస్తాయి. చలికి అవి వదులైపోతాయి, చెత్తబుట్టలో వేసి సోల్డరింగ్ చెయ్యి. ఎర్త్ వైరుకి పెయింటు గీకి ఇనుము మెరిసేదాకా రుద్ది బోల్టు బిగించు. ఏ వైరూ స్టీరింగ్ రాడ్డుకి గానీ పెడల్స్‌కి గానీ తగిలేలా వేలాడకూడదు.

ఇంక అసలు సంగతి. మీ తాతయ్య బెడ్‌ఫోర్డ్ లారీ నడిపే రోజుల్లో సెల్ఫ్ పనిచెయ్యకపోతే ముందు నిలబడి హ్యాండిల్ కొట్టేవాళ్లు. నాకు ఊహ తెలిశాక నాన్న నేర్పిన మొదటి పాఠం, హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు అవతలివైపు చుట్టకూడదని. నాలుగు వేళ్లూ ఎటుంటే బొటనవేలూ అటే ఉండాలి. ఇంజన్ ఎదురు తిరిగితే హ్యాండిల్ వెనక్కి కొడుతుంది, చుట్టిన బొటనవేలు విరుగుతుంది, మణికట్టూ విరుగుతుంది. నాతో కొట్టించే ముందు లోపలికి చెయ్యి పెట్టి గేరు రాడ్ని అటూ ఇటూ ఊపి న్యూట్రల్లో ఉందో లేదో చూసేవాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. అమెరికాలో కెటరింగ్ అనే ఆయన 1912 క్యాడిలాక్ కారుకి ఎలక్ట్రిక్ సెల్ఫ్ పెట్టాక మనిషి ముందు నుంచి సీట్లోకి వచ్చాడు. ఇప్పుడు నువ్వు ఆ సీట్లోంచి కూడా లేచి, వంటింట్లో కాఫీ తాగుతూ ఇంజన్ స్టార్ట్ చేద్దామనుకుంటున్నావు. చెయ్యి, తప్పులేదు. కానీ సీట్లో కూర్చున్నవాడు చూసుకునేవన్నీ ఇప్పుడు ఎవరు చూస్తారు? గేరు ఎక్కడుంది, బానెట్ తెరిచి ఉందా, ముందు ఎవరైనా వంగి ఉన్నారా? వాటిని చూడ్డానికే కిట్‌లో కొన్ని వైర్లు ఇస్తారు. అవి పెట్టకపోయినా ఇంజన్ స్టార్ట్ అవుతుంది. నా భయమంతా అక్కడే.

నేను పనిచేసిన షాపులో జరిగింది చెబుతాను, ఓపిగ్గా చదువు. డిసెంబరులో మాకు ఊపిరి తిరగని పని. బయట మైనస్ ముప్ఫై, లోపల వరసగా బళ్లు, పండక్కి రిమోట్ స్టార్టర్ కానుకగా ఇచ్చేవాళ్లు ఎక్కువ. నా పక్క బేలో ఒక కుర్రాడు చేసేవాడు. చేతి పని మంచిదే, కానీ తొందర మనిషి. బానెట్ కింద ఒక చిన్న పిన్ను స్విచ్ పెట్టాలి. బానెట్ తెరిస్తే ఆ పిన్ను పైకి లేస్తుంది, అప్పుడు రిమోట్ ఎంత నొక్కినా ఇంజన్ స్టార్ట్ కాదు. దానికి రేకులో బెజ్జం వెయ్యాలి, ఇంజన్‌కీ సీట్లకీ మధ్య గోడలో ఉండే రబ్బరులోంచి వైరు లోపలికి లాగాలి. అరగంట పని. వాడు ఒక పికప్‌కి అది వదిలేశాడు. బండి డోర్ లాక్ పడింది, లైట్లు మినుకుమన్నాయి, ఇంజన్ రిమోట్‌తో శుభ్రంగా స్టార్ట్ అయింది. కొన్నాయన చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

చలికాలం ఇంకా అవ్వలేదు, బెల్టు కీచుమంటోందని ఆయన ఇంటి ముందు బానెట్ ఎత్తి, బెల్టు వదులైందేమోనని చేత్తో పట్టి చూస్తున్నాడు. లోపల ఆయన ఐదేళ్ల కొడుకు వంటింటి బల్ల మీద రిమోట్ చూశాడు. పిల్లాడు కదా, నొక్కాడు.

కుడిచేతికి రెండు వేళ్లు పోయాయి.

కొన్ని వారాల తరవాత వాళ్లావిడ బండి తీసుకొచ్చి "ఇది తీసెయ్యండి" అంది. ఆ పని నాకు పడింది. స్టీరింగ్ కింద ప్యానల్ ఊడదీస్తే ఆ పిన్ను స్విచ్ అక్కడే ఉందిరా. కంపెనీ ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. కవరుని వైర్ల కట్టకి జిప్ టైతో కట్టేసి ఉంచాడు. దానికి వెళ్లాల్సిన బూడిదరంగు వైరు చివర టేపు నీటుగా చుట్టి, మడిచి లోపలికి తోశాడు. ఆ టేపు చూసి నాకు కళ్లు తిరిగాయి. తెలియక వదిలేసిన పని కాదు అది. నేను వైర్లు తీస్తున్నంతసేపూ ఆ పిల్లాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. దా, చూద్దువుగాని అని పిలిచాను, రాలేదు. ఇంట్లో టీవీ రిమోట్ కూడా ముట్టుకోవట్లేదని వాళ్లమ్మ చెప్పింది. ఆయన వేళ్ల కంటే ఆ పిల్లాడి చేతులే నాకు ఇప్పటికీ ఎక్కువ గుర్తొస్తాయి.

కాబట్టి బానెట్ పిన్ను ముందు బిగించు. మిగతా కిట్ తరవాత విప్పు. రెండోది బ్రేకు వైరు. తాళంచెవి తిప్పకుండా ఎవరైనా లోపల కూర్చుని బ్రేకు తొక్కితే ఇంజన్ ఆగిపోవాలి. ఇది ప్రాణాలకీ కాపలా, దొంగకీ కాపలా. అద్దం పగలగొట్టి లోపలికి వచ్చినా, బ్రేకు తొక్కకుండా గేరు పడదు, తొక్కగానే ఇంజన్ చస్తుంది. మూడోది గేరు. పార్క్‌లో తప్ప ఎక్కడున్నా స్టార్ట్ కాకూడదు. నీది ఆటోమేటిక్ కాబట్టి బతికిపోయాం. మాన్యువల్ అయితే ఈ ఉత్తరం వేరేలా ఉండేది.

అన్నీ బిగించాక పరీక్ష చెయ్యి. బానెట్ ఎత్తి రిమోట్ నొక్కు. ఇంజన్ నడుస్తుండగా బానెట్ లాగు. నడుస్తుండగా బ్రేకు తొక్కు. ఆ తరవాత ముందు ఎవరూ లేని ఖాళీ చోట, పార్కింగ్ బ్రేకు వేసి, కీ ఆన్ చేసి, డ్రైవ్‌లో వేశాక బ్రేకు మీంచి కాలు తీసి, అవసరమైతే తొక్కడానికి సిద్ధంగా ఉంచుకుని రిమోట్ నొక్కు. ఒక్కదాంట్లో తేడా వచ్చినా ఫ్యూజు పీకేసి నాకు ఫోన్ చెయ్యి. రిమోట్ మాత్రం పిల్లలకి అందే చోట పెట్టకు. బండి మెకానిక్‌కి ఇచ్చేటప్పుడు వాలే మోడ్‌లో, అంటే రిమోట్‌తో స్టార్ట్ కాకుండా ఆపే సెట్టింగులో, పెట్టి ఇవ్వు, అతనూ ఒకరి నాన్నే.

ఇంకొకటి. నీ తాళంచెవి తలలో చిప్పు ఉంటుంది, అది దగ్గర లేకపోతే ఇంజన్ అందుకోదు. కెనడాలో 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకీ పికప్‌లకీ ఈ ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేశారు. రిమోట్ స్టార్టర్‌కి చిప్పు ఉన్నట్టు నమ్మించే మాడ్యూల్ ఒకటి కావాలి. దానికి డబ్బులు పెట్టలేక కొందరు స్పేర్ కీనే ఒక డబ్బాలో పెట్టి డ్యాష్‌బోర్డు కింద కట్టేస్తారు. ఆ పని చేశావో, అక్కతో చెప్పి తిట్టిస్తాను. చలికోసం పెట్టుకున్న వస్తువు దొంగకి తాళం అప్పజెప్పినట్టు కాకూడదు.

ఇప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టనివ్వని మాట. మీ ఇల్లు ఫొటోలో చూశాను, గ్యారేజీ ఇంటికి అంటుకుని ఉంది, దాని పైనే పడగ్గది. మీ ఆవిడ, ఆ అమ్మాయికి ఏడో నెల. ట్రక్ గ్యారేజీలో ఉంటే రిమోట్ నొక్కొద్దు. తలుపు పైకెత్తి ఉంచాను కదా మావయ్యా అనొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, తలనొప్పి వస్తే జలుబనుకుని పడుకుంటారు. జేబులో రిమోట్ ఉండి సోఫాలో కూర్చున్నప్పుడు బటన్ నొక్కుకుపోయిన బళ్లు నాకు తెలుసు. అందుకే ట్రక్ ఎప్పుడూ బయటే పెట్టు, లేదా రెండుసార్లు నొక్కితేనే స్టార్ట్ అయ్యేలా సెట్ చెయ్యి. నిజానికి రెండూ చెయ్యి. నడిచే టైము పది నిమిషాలకి మించనివ్వకు. మంచు పడ్డ రోజు ముందు వెనక్కి వెళ్లి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వు. అంటుకున్న గ్యారేజీ ఉన్న ఇళ్లలో పడగ్గదుల దగ్గర సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం ఉండాలని మీ ఒంటారియో రాష్ట్రంలో 2014 నుంచి చట్టం. ఉందా అని కాదు అడుగుతున్నది, బటన్ నొక్కి కూత విన్నావా? ఈ రాత్రే విను. పదేళ్ల కిందటిదైతే పారేసి కొత్తది కొను, డబ్బులు నేను పంపిస్తాను.

టొరంటోలో పనికి వెళ్తే అక్కడ గంటలో ఒక నిమిషానికి మించి ఊరికే ఇంజన్ నడపకూడదని నిబంధన ఉంది, గుర్తుంచుకో. మీ బ్రాంప్టన్ చలికి మా అంత అవసరం కూడా లేదు. నిజంగా మైనస్ ఇరవైలోకి దిగిన రాత్రి ఇంజన్‌ని కరెంటుతో వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ ప్లగ్ పెట్టు, ఇంజనాయిల్‌కి అదే మందు.

దొంగల సంగతి. నువ్వు పెద్ద సైరన్ ఉన్న అలారం కొన్నావని అక్క చెప్పింది. సైరన్ విని కిటికీ తెరిచేవాడు ఇప్పుడు ఎవడూ లేడు. 2000ల మొదట్లో మా వినిపెగ్‌లో కార్ల దొంగతనం ఎంత ఘోరంగా ఉండేదో నీకు తెలియదు, పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలు సరదాకి ఎత్తుకెళ్లి గుద్దేసేవాళ్లు. దాన్ని తగ్గించింది సైరన్లు కాదు. మా రాష్ట్ర ప్రభుత్వ బీమా సంస్థ మానిటోబా పబ్లిక్ ఇన్సూరెన్స్ ఎక్కువగా పోయే మోడళ్లకి ఇమ్మొబిలైజర్ ఉచితంగా బిగించింది, 2007 నుంచి అలాంటి బళ్లకి తప్పనిసరి చేసింది. ఆ వైర్లు బిగించిన చేతుల్లో ఇవీ ఉన్నాయి. బండి కదలకపోతే దొంగ వదిలేసి పోతాడు.

మీ దగ్గర దొంగలు వేరు. వాళ్లది వ్యాపారం. 2024 ఏప్రిల్లో మాంట్రియల్ రేవులో 598 దొంగ బళ్లు పట్టుకున్నామని పోలీసులు ప్రకటించారు, చాలావరకు మీ ఒంటారియోవే. నీలాంటి కీ బండికి వాళ్లు స్టీరింగ్ కింద మెకానిక్‌లు కంప్యూటర్ తగిలించే ఓబీడీ పోర్టుకి యంత్రం తగిలించి కొత్త తాళంచెవి తయారు చేసుకుంటారు. కాబట్టి ఆ పోర్టుకి ఇనుప తాళం పెట్టు. సెల్ఫ్ వైరుకి నీకు మాత్రమే తెలిసిన చోట ఒక దొంగ స్విచ్ పెట్టు. జాగ్రత్త, సెల్ఫ్‌కే పెట్టాలి, నడిచే ఇంజన్‌ని ఆపే వైరుకి పెడితే హైవే మీద స్విచ్ వదులైన రోజు నీ ప్రాణం మీదికొస్తుంది. అది ఆపేసిన రాత్రి పొద్దున రిమోట్ పనిచెయ్యదు, పర్లేదు, చలి రోజులకీ దొంగ రోజులకీ మధ్య నువ్వే తేల్చుకో. స్టీరింగ్‌కి అడ్డకర్ర లాంటి తాళం, బయటికి కనిపించేది, తప్పకుండా వెయ్యి. ట్రాకర్‌ని గ్లవ్ బాక్సులో పడెయ్యకు, సొంత బ్యాటరీ ఉన్నది సీటు లోపల ఎక్కడో దాచు. బిగించాక ఇన్సూరెన్స్ వాళ్లకి రాసి పంపు, ట్రాకర్ ఉంటే కొన్ని కంపెనీలు ప్రీమియం విషయంలో చూస్తాయి. పనిముట్లు రాత్రి ట్రక్‌లో ఉంచకు.

ఇన్ని చేశాక కూడా ఒక రాత్రి చప్పుడై కిటికీలోంచి చూస్తే ఎవడో తలుపు తీస్తున్నాడనుకో. బయటికి వెళ్లావంటే నేను జన్మలో నీతో మాట్లాడను. నీ కోపం నాకు తెలుసు, పదో తరగతిలో సైకిల్ కోసం నలుగురి మీదికి వెళ్లినవాడివి. లైటు వేసి, అమ్మాయిని వెనక గదికి పంపి, 911కి ఫోన్ చెయ్యి. ట్రాకర్ చూపించినా నువ్వు వెంటపడకు, ఆ చుక్క ఎక్కడుందో పోలీసులకి చెప్పు. ట్రక్కుకి ఇన్సూరెన్స్ ఉంది.

వచ్చే శనివారం మొదలుపెడతానన్నావట. చలి లేని చోట, పగటిపూట, తిన్నాకే మొదలుపెట్టు. ప్యానళ్లు మూసేముందు వీడియో కాల్ చెయ్యి, ఫోన్ టార్చి వేసి స్టీరింగ్ కింద, బానెట్ పిన్ను దగ్గర, సెల్ఫ్ వైరు దగ్గర నెమ్మదిగా చూపించు. మీకంటే మాకు ఒక గంట వెనక, కాబట్టి మీ టైము రాత్రి పదకొండు దాకా ఎప్పుడు చేసినా ఎత్తుతాను. నా పాత మల్టీమీటరు నిన్న పార్సిల్‌లో వేశాను. నల్ల ప్రోబు వైరు దగ్గర కొంచెం వదులుంది, వాడేముందు టేపు చుట్టుకో.

అమ్మాయికి మా ఇద్దరి ఆశీస్సులు. మీ అత్తయ్య గోంగూర పచ్చడి కూడా అదే పార్సిల్‌లో పెట్టింది, కారిపోకుండా చూసి విప్పు.

మీ మావయ్య