సోలెక్స్ కొనాలనుకుంటున్న మేనకోడలికి

అమ్మాయ్,

నువ్వు పంపిన ప్రకటన చూశాను. ఫ్రాన్స్‌లో, ఆ నాంత్ ఊళ్ళో కాలేజీకి వెళ్ళి రావడానికి పాత వేలోసోలెక్స్ మోపెడ్ కొంటానన్నావని చాలా సంతోషంగా ఉంది. కానీ ఆ ఫొటోల్లో రంగు బాగుందన్న సంగతి తప్ప ఇంకేమీ తెలియడం లేదు, కాబట్టి అడ్వాన్స్ గట్రా పంపకుండా ముందు ఇది చదువు.

మొదటి మాట. దీన్ని స్కూటర్ అనుకుని కొంటే నిరాశపడతావు. ఇది సైకిలే. ముందు చక్రం మీద 49 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్ కూర్చుని ఉంటుంది, దానికి ఉన్న చిన్న రాతి రోలర్ టైరుకి ఒరుసుకుంటూ తిరిగి చక్రాన్ని తిప్పుతుంది. చెయిన్ పెడల్స్‌కి మాత్రమే, ఇంజిన్‌కి గేర్లు లేవు. చదునైన రోడ్డు మీద 30, మహా అయితే 35 కిలోమీటర్ల వేగం. ఎత్తు వస్తే నువ్వూ తొక్కాలి, ఇంజిన్‌తో కలిసి తొక్కాలి, అది బండి లోపం కాదు, దాన్ని తయారు చేసిందే అలా. కార్బురేటర్లు చేసే సోలెక్స్ కంపెనీ వాళ్ళు, గుదార్, మెనెసాన్ అనే ఇద్దరు ఇంజినీర్లు, యుద్ధం రోజుల్లోనే నమూనా తయారు చేసి 1946లో అమ్మకానికి తెచ్చారు. పెట్రోలు దొరకని కాలం, జనం చేతిలో డబ్బు లేని కాలం. వంద కిలోమీటర్లకి లీటరున్నర కూడా తాగని యంత్రం కావాలి, ఫ్యాక్టరీ కూలీకీ, స్కూల్ టీచర్‌కీ, పల్లెటూరి పాదిరిగారికీ అందుబాటులో ఉండాలి. ఆ లెక్కలోంచి పుట్టింది కాబట్టే దాని దగ్గర వేగం అడగకూడదు.

మోడల్ గురించి. నీకు 3800 మాత్రమే చెప్తాను. 1966 నుంచి 1988 దాకా చేశారు, లక్షల్లో తిరిగాయి, అందుకే విడిభాగాలు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. ఇంకా పాతవి, అంటే 1959లో 1700 మోడల్ వచ్చేలోపు చేసినవి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ వాటికి ఆటోమేటిక్ క్లచ్ లేదు, సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ ఇంజిన్ సంగతి చూసుకోవాలి. ఊళ్ళో ట్రాఫిక్‌లో రోజూ తిరిగే పిల్లకి అది టెన్షన్. 3800 అయితే బ్రేకు వేసి నిలబడితే ఇంజిన్ దాని మానాన అది తిరుగుతూ ఉంటుంది.

ఇక చూడ్డానికి వెళ్ళినప్పుడు. అమ్మేవాళ్ళు బండిని ముందే వేడి చేసి ఉంచుతారు, నువ్వు వస్తున్నానని చెప్పి ఇంజిన్ చల్లగా ఉంచమని అడుగు. చల్లటి ఇంజిన్ మీద స్టార్ట్ అవ్వాలి, ఆ తర్వాత పదిహేను నిమిషాలు నడిపి ఆపి వెంటనే మళ్ళీ స్టార్ట్ చెయ్యాలి. వేడి మీద మొరాయిస్తే సాధారణంగా స్పార్క్ పుట్టించే భాగాల్లో ఇగ్నిషన్ కాయిల్ గానీ, కండెన్సర్ గానీ పోయినట్టు. అవి ఫ్లైవీల్ వెనకాల ఉంటాయి, దాన్ని ఊడదీయడానికి ప్రత్యేకమైన పుల్లర్ కావాలి, సుత్తితో కొట్టి తీసిన గుర్తులు కనిపిస్తే ఆ బండి వద్దు. అక్కడే ఉండే స్పార్క్ కాంటాక్ట్ పాయింట్ల మధ్య సందు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి, అది నేను వచ్చినప్పుడు చూస్తాను.

పెట్రోలు పైపులు జాగ్రత్తగా చూడు, ఇక్కడే సోలెక్స్ గుట్టంతా ఉంది. ట్యాంకు కార్బురేటర్ కంటే కిందుగా ఉంటుంది కాబట్టి పెట్రోలు తనంతట తాను దిగదు. ఇంజిన్ క్రాంక్‌కేస్‌లో, అంటే ఇంజిన్ కింది గదిలో, ఒత్తిడి పెరిగి తగ్గుతుంటే ఆ ఊపుకి డయాఫ్రం అనే పల్చటి పొర కొట్టుకుని పెట్రోలుని పైకి తోస్తుంది, కావలసింది పోగా మిగిలింది ఇంకో పైపులోంచి తిరిగి ట్యాంకులోకి వస్తుంది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ట్యాంకు మూత తీసి ఆ తిరుగు పైపు చూడు. ధార సరిగ్గా వస్తుంటే పంపు బాగుంది. రాకపోతే డయాఫ్రం గట్టిపడి ఉండొచ్చు, అది చవకే, చేత్తో మార్చుకోవచ్చు. కానీ కొత్త డయాఫ్రం వేసినా రాలేదని అమ్మే ఆయన అంటే మాత్రం ఆ ఒత్తిడి బయటికి పోకుండా ఆపే క్రాంక్‌షాఫ్ట్ సీళ్ళు పోయి ఉండొచ్చు, అప్పుడు ఇంజిన్ విప్పాల్సిందే. ధర సగానికి తగ్గిస్తేనే మాట్లాడు.

రోలర్ని ఫ్రెంచి వాళ్ళు గాలే అంటారు. వేలితో తడిమి చూడు, గరుకుగా ఉండాలి. నున్నగా మెరుస్తుంటే అరిగిపోయింది, వానలో జారుతుంది. అసలు వానలో కొత్త రోలర్ కూడా కొంత జారుతుంది, నాంత్‌లో వాన ఎలాంటిదో నీకు చెప్పనక్కర్లేదు. ముందు టైరు కూడా అంతే ముఖ్యం. సోలెక్స్ కోసమే చేసిన 1¾–19 టైరు ఉంటుంది, అదే వెయ్యి, మామూలు సైకిల్ టైరు వేస్తే రోలర్ కొద్ది రోజుల్లో దాన్ని తినేస్తుంది. గాలి ఎప్పుడూ గట్టిగా ఉండాలి. బండి నిలబెట్టేటప్పుడు లీవర్ లాగి ఇంజిన్ని పైకెత్తు, లేదంటే రోలర్ ఒకే చోట నొక్కి టైరు మీద గుంట పడుతుంది, తర్వాత నడిపేటప్పుడు ఆ గుంట దగ్గర ప్రతి తిరుగుడుకీ కుదుపు.

నూనె, పెట్రోలు. ఒకప్పుడు కలిపి సిద్ధంగా ఉన్న సోలెక్సిన్ డబ్బాలు బంకుల్లో అమ్మేవాళ్ళు, ఇప్పుడు నువ్వే కలుపుకోవాలి. బంకులో ఎస్పీ98 అనే రకం పెట్రోలు తీసుకో, ఇ10 రకం వద్దు, అందులో ఇథనాల్ ఎక్కువ, పాత రబ్బరుకి పడదు. నేను లీటరుకి 40 మిల్లీలీటర్ల మంచి టూ స్ట్రోక్ ఆయిల్ కలుపుతాను. వారానికి సరిపడా మాత్రమే కలుపు, సెలవులకి ఇండియా వెళ్ళేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి వెళ్ళు.

నడపడం ఒక్క పూటలో వస్తుంది. మోటార్‌సైకిల్‌లా మెలితిప్పే గ్రిప్ ఉండదు, హ్యాండిల్ మీద చిన్న లీవరే. ఇంజిన్ ఎత్తి పెట్టి సైకిల్‌లా తొక్కు, కాస్త వేగం వచ్చాక డీకంప్రెసర్, అంటే సిలిండర్లో ఒత్తిడిని వదిలే మీట, నొక్కి పట్టుకుని ఇంజిన్ని టైరు మీదకి దించు, డీకంప్రెసర్ వదులు, అందుకుంటుంది. బరువంతా ముందు ఉండటం వల్ల హ్యాండిల్ బరువుగా తోస్తుంది, మలుపుల్లో తొందర వద్దు. బ్రేకులు ఆ కాలం నాటివి, రెండూ కలిపి వెయ్యి, ముందు వెళ్ళే కారుకి చాలా దూరంగా ఉండు. మీ ఊళ్ళో ట్రామ్ పట్టాలున్నాయి కదా, ఆ సన్నని టైరు పట్టాల సందులో దిగిందంటే పడిపోతావు, ఎప్పుడూ పట్టాలకి అడ్డంగా, లంబకోణంలోనే దాటు. ఇది మాత్రం గుర్తు పెట్టుకో తల్లీ, మిగతావన్నీ మర్చిపోయినా సరే.

కాగితాలు. పూర్వం ఈ బండ్లకి రిజిస్ట్రేషనే లేదు, అందుకే చాలామంది పాత ఓనర్ల దగ్గర ఏ కాగితమూ ఉండదు. కానీ 2011 నుంచి నంబర్ ప్లేటు తప్పనిసరి. కార్త్ గ్రీజ్, అంటే రిజిస్ట్రేషన్ కాగితం, లేకుండా అమ్ముతుంటే ముప్ఫై ఏళ్ళు దాటిన బండి కాబట్టి పాత వాహనాల సమాఖ్య ఎఫ్‌ఎఫ్‌వీఈ ఇచ్చే సర్టిఫికెట్‌తో కలెక్షన్ కార్డు, అంటే పాతకాలపు బండిగా రిజిస్ట్రేషన్, తెచ్చుకోవచ్చు, కానీ నెలలు పట్టవచ్చు, ఆ శ్రమ ధరలో తగ్గాలి. ఫ్రేమ్ మీది ప్లేటులో నంబర్ చదవగలిగేలా ఉండాలి. ఇన్సూరెన్సు చట్టం ప్రకారం ఉండాల్సిందే. హెల్మెట్, సర్టిఫైడ్ గ్లవ్స్ కూడా అంతే. నువ్వు 1988 తర్వాత పుట్టినదానివి కాబట్టి మోపెడ్‌కిచ్చే ఏఎమ్ లైసెన్సో, కారుకిచ్చే బీ లైసెన్సో ఉండాలి. సైకిల్ దారుల్లోకి మామూలుగా ఇంజిన్‌తో వెళ్ళకూడదు, పెరిఫెరిక్ రింగ్ రోడ్డు అసలే కుదరదు.

రోజూ దూరం పది కిలోమీటర్లు దాటితే, మధ్యలో పెద్ద ఎత్తులు ఉంటే సోలెక్స్ బదులు నీలం రంగు మొబిలెట్ చూడు. మోటోబెకాన్ వాళ్ళు 1949లో మొదలుపెట్టిన బండి, బెల్టు మీద నడుస్తుంది, ఎత్తులు బాగా ఎక్కుతుంది. మన వైపు దాని చుట్టం కూడా ఉండేది, తిరుపతిలో మోపెడ్స్ ఇండియా వాళ్ళు మోటోబెకాన్ సహకారంతో చేసిన సువేగా. మీ అమ్మని అడుగు, మేం యానాంలో పెరిగే రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళలో పాలవాళ్ళ దగ్గరా, టీచర్ల దగ్గరా అవే కనిపించేవి. అయినా నువ్వు ఉండేది కాలేజీకి నాలుగు కిలోమీటర్లలోపే అన్నావు, చదును ఊరు, నీకు సోలెక్సే సరి.

ఇప్పుడు ఆ అమ్మే ఆయన్ని మూడు ఫొటోలు అడుగు: రోలర్ని దగ్గరగా తీసింది, ట్యాంకు లోపల తుప్పు ఉంటే కనబడేలా తీసింది, ఫ్రేమ్ నంబర్ ప్లేటు. పంపనంటే వదిలెయ్. పంపితే నాకు వాట్సాప్ చెయ్యి, చూసి ఎంత ఇవ్వొచ్చో చెప్తాను, ఆదివారం ఖాళీగానే ఉంటాను, ట్రైన్లో వచ్చేస్తా, పుల్లర్ నా దగ్గరే ఉంది.

మామయ్య