ఇద్దరం చదువుతుండగానే మొదటి కాన్పు: అనంతపురంలో మేం ఎట్లా గడిపామంటే

"నేను ఎం.ఎస్సీ రెండో ఏడు, మా ఆయన ఎంబీఏ. అనంతపురంలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాం. నాకు నాలుగో నెల. ఇద్దరి చదువూ దెబ్బతినకుండా ఈ నెలలు ఎట్లా గడపాలి?" అని అడిగారు కదా. మేమూ ఇదే ఊళ్లో, అచ్చం ఇట్లాగే గడిపాం. మా పాపకు ఇప్పుడు ఏడాదిన్నర.

ఇద్దరి చదువూ దెబ్బతినకుండా అంటే మాత్రం కుదరదు చెల్లెమ్మా. ఒకరిది కొంత వెనక్కి జరుగుతుంది. అది ఎవరిది అన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోకపోతే ఇంట్లో వాళ్లు, కాలేజీ వాళ్లు, చివరికి క్యాలెండర్ తేల్చేస్తాయి. అవి తేల్చినప్పుడు వెనక్కి జరిగేది దాదాపు ఎప్పుడూ ఆడపిల్ల చదువే. మా ఇంట్లోనూ అదే జరగబోయింది. జరగబోయిందీ నా వల్లనే.

అప్పుడు నేను జేఎన్‌టీయూలో ఎం.టెక్ రెండో ఏడు. బీటెక్‌లో నాదీ మా ఆవిడదీ ఒకే క్లాసు. తర్వాత ఆమె లెక్కల టీచర్ కావాలని బీఎడ్‌లో చేరింది. క్లాస్‌మేట్లం కాబట్టి ఇంట్లో ఒకరినొకరు నువ్వు అనే అనుకుంటాం. (మా అమ్మ ఊరి నుంచి వస్తే మాత్రం ఆ రెండు రోజులు నేను "మీరు" అయిపోతా.) సాయినగర్‌లో మిద్దెపైన ఒక గది, ఒక వంటిల్లు. నాకు గేట్ స్టైపెండ్ నెలకు 12,400 వస్తుండేది. దాంతోపాటు సాయంత్రాలు డిప్లొమా పిల్లలకు లెక్కల ట్యూషన్.

నెల తప్పిందని తెలిసిన రాత్రి ఒక గంట సంతోషపడ్డాం. ఆ తర్వాత క్యాలెండర్ ముందేసుకున్నాం. చివరి నెలసరి మొదటి రోజుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలుపుకోవాలి. సెప్టెంబరు 7 కాబట్టి కాన్పు తేదీ జూన్ 14 అని వచ్చింది. ఆమె స్కూల్ ఇంటర్న్‌షిప్ డిసెంబరు నుంచి మార్చి దాకా. పరీక్షలు మే ఆఖరులో మొదలు. నా థీసిస్ ఇవ్వాల్సింది జూన్‌లో. అన్నీ ఒకే చోట కుప్ప పడ్డాయి. నేను ఏమాత్రం ఆలోచించకుండా, "ఈ ఏడాది బీఎడ్ ఆపెయ్, వచ్చే ఏడు రాసుకుందువులే" అనేశా.

ఆమె కోప్పడలేదు. రెండే ప్రశ్నలు అడిగింది. "నీ థీసిస్ జూన్‌లో ఇవ్వకపోతే ఏమవుతుంది?" ఏముంది, ఒక సెమిస్టర్ ఆలస్యంగా ఇస్తా. "నా ఇంటర్న్‌షిప్ ఆగితే?" మళ్లీ కింది బ్యాచ్‌తో చేయాలి, ఏడాది పోతుంది, ఈలోగా డీఎస్సీ పడితే అదీ పోతుంది. జవాబు నా నోటితోనే చెప్పించింది. మూడు రోజులు మొహం ముడుచుకుని తిరిగా. ఆ మూడు రోజులూ ఆమె తాలింపు వాసనకే వాంతులు చేసుకుంటూనే నాకు అన్నం వండిందని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నాలుగో రోజు లెక్క వేశాం. స్టైపెండ్ 24 నెలలే ఇస్తారు, ఆ తర్వాత ఉండదు. థీసిస్ ఆలస్యమైతే ఆ నాలుగైదు నెలలు ట్యూషన్ డబ్బులతోనే బతకాలి. కష్టమే గానీ కుదరకపోయేది కాదు. ఆమెది కదల్చడానికి లేదు, నాది కదులుతుంది. కాబట్టి నాది కదిలింది.

మీరూ ముందు ఈ సంగతే చూసుకోండి: ఎవరి కోర్సులో ఏది జరపొచ్చు, ఏది జరపకూడదు. బీఎడ్‌లో అయితే మామూలు తరగతులకు 80 శాతం హాజరు, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం ఉండాలి. రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ 16 వారాలు. అంటే తొమ్మిది పది రోజులకు మించి సెలవు దొరకదు. ఆ రోజులను మేం బంగారంలా వాడుకున్నాం, ఒక్కటీ పండగలకు పోనీయలేదు. పీహెచ్‌డీ చేసే మహిళలకు కోర్సు మొత్తంలో ఒకసారి 240 రోజుల దాకా సెలవు ఇవ్వొచ్చని యూజీసీ నిబంధనల్లోనే ఉంది. మీలాంటి పీజీ వాళ్ల సంగతి వేరు. 2021 డిసెంబరులో యూజీసీ విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. డిగ్రీ, పీజీ చదివే మహిళలకు కూడా ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నియమాలు పెట్టుకోమని అందులో కోరింది. మీ యూనివర్సిటీ ఏం పెట్టుకుందో డిపార్ట్‌మెంట్‌లో అడగండి. నోటితో కాదు, కాగితం మీద అర్జీ పెట్టి అడగండి. "చూద్దాంలేమ్మా" అన్న మాట హాల్ టికెట్ రోజున పనికి రాదు.

ఇక రోజువారీ సంగతి. ఆ నాలుగో రోజు నుంచి మూడో నెల నిండేదాకా వంటిల్లు నాది. నాకొచ్చిన వంట ఉగ్గాని ఒక్కటే. బొరుగులు నానబెట్టి పిండడమే కాబట్టి అది వంట కిందికి రాదని మా అత్తమ్మ అంటుంది. తాలింపు పెడితే ఆమె మిద్దెమీదికి పరుగెత్తేది. అందుకే తాలింపు లేని కూడు వెతుక్కున్నా: రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి, పెరుగు. మొదటి వారం సంగటి నిండా ఉండలే. "ఇది సంగటి కాదు, సిమెంటు కాంక్రీటు. నీ థీసిస్‌లో పెట్టుకో" అంది. (నాది సివిల్ లెండి.) పొద్దున మంచం దిగకముందే గుప్పెడు ఒట్టి బొరుగులు నమిలి, పది నిమిషాలు ఆగి లేస్తే వాంతులు తగ్గాయి. కింద ఇంటి ఓనర్ ఆంటీ చెప్పిన చిట్కా అది.

మాత్రల దగ్గర పెద్ద పొరపాటే చేశా. ఐరన్, కాల్షియం రెండూ రాత్రి అన్నం తిన్నాక ఒకేసారి ఇచ్చేవాణ్ని, పైన గ్లాసు పాలు. మర్చిపోకుండా ఇస్తున్నానని గర్వం కూడా. ఐదో నెలలో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 9.8. గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఏఎన్ఎం అక్క మాత్రల వేళ అడిగి నా మీద విరుచుకుపడింది: "పాలతో, టీతో, కాల్షియంతో కలిపి ఇస్తే ఐరన్ ఒంటికి ఏం పడుతుంది సార్? అంత చదువు చదివి ఇదేనా?" ఆ రోజు నుంచి కాల్షియం పొద్దున, మధ్యాహ్నం అన్నంతో. ఐరన్ రాత్రి పడుకునే ముందు నిమ్మకాయ నీళ్లతో. ఎనిమిదో నెలకు 10.9కి వచ్చింది. ఐరన్ వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడకండి. మేం భయపడి ఒక రాత్రి నిద్రపోలేదు.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టర్ పరీక్ష ఉంటుంది. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ అంటారు. ఆమె సెలవులు సగం ఆ తేదీలకే పోయాయి. గ్లూకోజ్ పరీక్షకు కూడా ఒక పూట పెట్టుకోండి, 24 నుంచి 28 వారాల మధ్య చేస్తారు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలు కూర్చోబెడతారు. మా ఆవిడ ఆ రెండు గంటల్లో ఎనిమిదో తరగతి లెసన్ ప్లాన్లు రెండు రాసేసింది.

మొదటి కాన్పుకు కేంద్రం ఇచ్చే మాతృ వందన డబ్బు 5,000, రెండు విడతల్లో. అంగన్‌వాడీలో పేరు రాయించాం. ఆమె బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ కాలేదని తెలిసేసరికి రెండు నెలలు గడిచాయి. మీరు ఆ పని ఈ వారంలోనే చూసుకోండి. ఇప్పుడు తిరగగలరు, ఎనిమిదో నెలలో తిరగలేరు.

ఇంటర్న్‌షిప్ రాప్తాడు వైపు ఒక ఊరి హైస్కూల్లో పడింది. రోజూ పల్లెవెలుగు బస్సు. ఇప్పుడైతే 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు అందులో టికెట్ లేదు. మాకు ఆ రోజుల్లో టికెట్ కంటే సీటే పెద్ద సమస్య. నేను ముందే బస్టాండుకు పోయి కిటికీలోంచి టవల్ వేసి సీటు పట్టి, ఆమెను ఎక్కించి, తిరిగి వచ్చి ల్యాబ్‌కు పోయేవాణ్ని. ఫ్రెండ్స్ నాకు "టవల్ బావ" అని పేరు పెట్టారు.

ఒక్క రోజు మాత్రం నవ్వలేకపోయాం. ఏడో నెల దాటింది, ఇంటర్న్‌షిప్ చివరి వారం. పొద్దుటి నుంచి నిలబడే పాఠం చెప్పింది. మధ్యాహ్నం ఫోన్ చేసి, "పొద్దుటి నుంచి కదల్లేదు" అంది. సంక్రాంతికి ఊరికి పోయి వచ్చిన వారానికి మొదటిసారి కదలిక తెలిసింది. అప్పటి నుంచి రోజూ తెలుస్తూనే ఉంది. ఆ స్కూల్లో తెలుగు మేడమ్ ఆమెను ఎడమవైపు పడుకోబెట్టి ఏదో తినిపించింది. అయినా సరిగా తెలియలేదు. మేడమే ఆటో మాట్లాడి పంపించింది, నేను ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డా. గుండె చప్పుడు పెట్టి వినిపించాక నాకు కాళ్లు ఆడలేదు, మెట్ల మీదే కూర్చుండిపోయా. పాప బాగానే ఉంది. మీకు ఎప్పుడైనా ఇట్లా అనిపిస్తే సాయంత్రం దాకా చూద్దాం అనుకోకండి. రక్తం కనపడినా, ఉమ్మనీరు కారినా, తలనొప్పితో కళ్లు మసకబారినా, మొహం చేతులు ఉబ్బినా అంతే. 108కి ఫోన్ చేయండి, రికార్డు పుస్తకాల సంగతి తర్వాత.

సీమంతం ఒక ఆదివారం మధ్యాహ్నానికి కుదించాం. మా జేజికి అది నచ్చలేదు. "గాజులు తొడిగించుకుంటూ ఆ పిల్ల చార్టులు గీస్తోందేందిరా" అని చాలాసేపు గొణిగింది.

అసలు తగువు ఆ రోజే వచ్చింది. మొదటి కాన్పు పుట్టింట్లోనే అని అత్తమ్మ పట్టు. వాళ్లది ప్రొద్దుటూరు పక్కన. పరీక్షలేమో ఇక్కడ. తాడిపత్రి మీదుగా తొమ్మిదో నెలలో అటూ ఇటూ బస్సులో తిరగడం అయ్యే పని కాదు. రెండు గంటలు వాదులాడుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం: కాన్పు ఇక్కడ, బాలింత రోజులు అక్కడ. అత్తమ్మే ఏప్రిల్ ఆఖరులో మా ఒంటి గదికి వచ్చేసింది. ఇక చూడండి, అల్లుడికి మిద్దె, చాప, దోమతెర. అనంతపురం ఎండాకాలం మీకు తెలిసిందే, పగలు 40 దాటితే రాత్రి పది దాకా శ్లాబు వేడి దిగదు. సాయంత్రం మిద్దెపైన నీళ్లు చల్లి, తడి గోనెసంచులు పరిచేవాణ్ని. లోపల ఆమె, వాళ్లమ్మ ఫ్యాను కింద. తల్లి పాదాలు ఒత్తుతుంటే కూతురు విద్యా మనోవిజ్ఞాన శాస్త్రం గట్టిగా చదివేది. "పియాజే ఎవరే, మీ సారా?" అని అత్తమ్మ ఒకసారి అడిగింది. (పిల్లల ఆలోచన ఎట్లా ఎదుగుతుందో చెప్పిన శాస్త్రవేత్త లెండి.)

ఇంత ప్రణాళిక వేశాం కదా, పాప జూన్ 2నే వచ్చేసింది. చెప్పిన తేదీకి పన్నెండు రోజులు ముందు, నాలుగో పేపర్‌కూ ఐదో పేపర్‌కూ మధ్యలో. సర్కారు ఆసుపత్రిలో మామూలు కాన్పే. బీఎడ్‌లో ఒక పేపర్ మిగిలిపోయింది. ప్రొద్దుటూరు నుంచి పాపతో వచ్చి సప్లిమెంటరీలో రాసింది. పరీక్ష హాలు బయట వేపచెట్టు కింద మూడు గంటలు పాపను నేనే ఎత్తుకుని తిరిగా. ముందుగా పిండి ఉంచిన తల్లిపాలు, ఉగ్గు గిన్నె, స్పూను నా సంచిలో ఉన్నాయి. నా థీసిస్ డిసెంబరులో ఇచ్చా. ఆ నాలుగైదు నెలలు చేతిలో డబ్బు చాలక రెండుసార్లు ఫ్రెండ్ దగ్గర అప్పు చేశా. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ తెలియదు, మా ఆవిడ ఇది చదివితే తప్ప.

మీ ప్రాక్టికల్స్ ఏ నెలలో, మీ ఆయన ప్రాజెక్టు ఏ నెలలో, మీకిచ్చిన కాన్పు తేదీ ఎప్పుడు, ఈ మూడూ కింద రాయండి. మీ అమ్మవాళ్ల ఊరు కూడా. చూసి ఏది జరపొచ్చో నాకు తోచింది చెప్తా.