ఆసుపత్రి బిల్లు ఎవరు కట్టారు?

చిరంజీవి కిరణ్‌కు,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది బాగుండి కాదు, ఒళ్లు మండి. ఉత్తరంలో నన్ను 'పెద్దమ్మగారూ' అన్నావు కాబట్టి ఆ చనువుతోనే తిడుతున్నాను.

నీ కథలో లాస్య సైకోపాత్ (ఎదుటివాళ్ల బాధ పట్టని మనిషి) అనడానికి నువ్వు చూపించిన సాక్ష్యం ఏమిటి? రెండేళ్లలో ముగ్గురు బాయ్‌ఫ్రెండ్స్, నాలుగోవాడైన నీ హీరోను వదిలేయడం. అది చాలదన్నట్టు ఏడో పేజీలో ఒక డాక్టర్‌ని దింపి లక్షణాల జాబితా చదివించావు. ఆ జాబితా ఎక్కడిదో నాకూ తెలుసు. కెనడా సైకాలజిస్టు రాబర్ట్ హేర్‌ది, సవరించిన రూపం 1991లో అచ్చయింది. 20 అంశాలు, ఒక్కోదానికి సున్నా, ఒకటి లేదా రెండు మార్కులు, మొత్తం 40. 30 వస్తే సైకోపాత్ అని అక్కడి లెక్క. అది ఎక్కువగా జైల్లో ఉన్న మగవాళ్లను చూసి కట్టిన కొలత అని మీ డాక్టర్ నోరు విప్పి చెప్పలేదేం?

అందులో రెండు అంశాలు నీ కథకు సంబంధించినవి: విచ్చలవిడి శారీరక సంబంధాలు, నిలవని పెళ్లిళ్లు ఎక్కువగా ఉండటం. ఆ రెండోదానికి మా వీధిలో ఒకాయనకు మార్కులు వేసి చూడు. కట్టుకున్నదాన్ని ఒకే ఇంట్లో నలభై ఏళ్లు కాల్చుకుతిన్నాడు. పెళ్లి ఒక్కటే కనక సున్నా! ముగ్గురిని మార్చిన పిల్లకు మాత్రం మొదటిదాంట్లో ఒకటో రెండో పడతాయి, వేసేవాడి కళ్లను బట్టి. అదే పని మగాడు చేస్తే 'రసికుడు' అని నవ్వి ఊరుకుంటారు.

సగటున మగవాళ్లకే ఎక్కువ మార్కులు వస్తాయన్నది నిజమే. ఆడవాళ్లలో ఆ లక్షణం కొట్టడం, తిట్టడం కన్నా ఏడుపులోనూ, చచ్చిపోతానన్న బెదిరింపులోనూ, మనుషుల మధ్య పుల్లలు పెట్టడంలోనూ బయటపడుతుందని పరిశోధకులు అంటారు. అందుకని చాలాసార్లు దానికి ఇంకో జబ్బు పేరు పెట్టేస్తారు కూడా. అమెరికా డాక్టర్ హెర్వీ క్లెక్లీ సైకోపాత్‌ల గురించి తను రాసిన కేసుల్లో ఆడవాళ్లను కూడా చేర్చాడు. అయినా మనకు కత్తి పట్టుకున్నవాడూ, నడుము ఊపేదీ తప్ప ఇంకెవరూ కనబడరు.

1979లో నేను టెలిఫోన్ ఆపరేటర్‌ని. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి కార్బన్ పేపర్ పెట్టి ప్రేమలేఖలు రాసేది. పేరు దగ్గర ఖాళీ వదిలి, తర్వాత పై కాగితం మీద ఒకడి పేరు, కింద కాగితం మీద ఇంకొకడి పేరు నింపేది. కార్బన్ కాపీ అందినవాడికి 'ఒరిజినల్ నా దిండు కింద దాచుకున్నా' అని చెప్పేది. వాడు సైకిల్ అమ్మి ఆమె మెస్ బిల్లు కట్టాడు. ఆ పిల్ల గొంతు పెంచగా నేను ఒక్కసారీ వినలేదు.

దాన్ని కథగా రాస్తే ఒక వారపత్రిక ఎడిటర్ కార్బన్ పేపర్ కొట్టేసి ఆమె చేతిలో సిగరెట్ పెట్టాడు. 'ఆడ విలన్ అంటే ఆ మాత్రం మసాలా ఉండాలండీ' అన్నాడు. 40 రూపాయల మనియార్డరు వచ్చింది. తీసుకున్నాను, ఇప్పటికీ సిగ్గే. ఇప్పటి వెబ్ సిరీస్‌ల వాళ్లు సిగరెట్ తీసేసి వైన్ గ్లాసు పెట్టారు, అంతే తేడా.

ఆఫీసులో నా పక్క సీటావిడ భర్త మా అందరికీ మల్లెపూలు తెచ్చేవాడు. మాకూ ఇలాంటి మొగుడు దొరికితే బాగుండు అనుకునేవాళ్లం. ఆవిడకు గర్భం పోయి ఆసుపత్రిలో ఉంటే ఆవిడ గొలుసు అమ్మి వాచీ కొనుక్కున్నాడు. మంచం పక్కకొచ్చి, చెయ్యి చాపి, 'ఎలా ఉంది?' అన్నాడు. 'నొప్పి కాస్త తగ్గిందండీ' అంది ఆవిడ. ఆయన అడిగింది వాచీ గురించి.

అందుకే ఎన్నేళ్లుగానో ఒకటే మాట చెబుతున్నాను, విసుగొచ్చినా విను: ప్రేమకథలో ప్రేమ సంగతి తర్వాత, ముందు డబ్బు ఎటు నుంచి ఎటు పోయిందో రాయి. గొలుసు, సైకిల్, అద్దె, చీటీ పాట. ఎంతమందితో తిరిగిందో లెక్కపెట్టకు. ఎవరి దగ్గర ఏం పోయిందో లెక్కపెట్టు.

కలం పేరు గురించి అడిగావు. అమ్మానాన్న పెట్టింది చాలు.

మూడో పేజీలో మాత్రం ఒక చోట ఆగిపోయాను. తండ్రి ఐసీయూలో ఉన్నాడని వెక్కివెక్కి ఏడుస్తున్న లాస్య, ఫోన్ మోగగానే మామూలు గొంతుతో 'చికెన్ వద్దు, మటన్ బిర్యానీ చెప్పు' అని, పెట్టేసి మళ్లీ ఏడుపు అందుకుంటుంది. అది రాసింది నువ్వేనా? దాని కిందే 'ఆమె మనసు రాయి' అని వివరణ ఎందుకు పెట్టావు? ఆ వాక్యం కొట్టెయ్. డాక్టర్‌ని ఇంటికి పంపెయ్, ముగ్గురు బాయ్‌ఫ్రెండ్స్‌నీ తీసెయ్. మటన్ మాత్రం ముట్టుకోకు. ఆ ఐసీయూ బిల్లు ఎవరు కట్టారో కథంతా వెతికినా దొరకలేదు. నీ హీరోయే అయ్యుంటాడు. ఏం అమ్మి కట్టాడో కనుక్కుని రాసి పంపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ